పది తూటాల డబ్బీ

తుపాకి మా ఆయనది, కోపం నాది అని ఊళ్లో అనుకునేవాళ్ళు. అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సంతలో కొన్న గుమ్మడికాయ కుళ్ళిందని అక్కడే తెలిసినా, అమ్మినవాడికి చెప్పడానికి మొహమాటపడి ఇంటిదాకా మోసుకొచ్చేవాడు. నేను దాన్ని మళ్ళీ మోసుకెళ్ళి, అమ్మినవాడి ముందు పెట్టి, నాలుగు మాటలు అని వచ్చేదాన్ని. అలాంటి కాపురంలో రైఫిలుకు డబ్బీ ఎంచే పని ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. మా ఊరు ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారికి కాస్త లోపలగా, నల్లమల కింద ఉండేది. మా చేను చివర గట్టు ఎక్కితే ఇక అడవే. వేరుశనగ వేసేవాళ్ళం. మా వైపు వాటిని బుడ్డలంటారు. బుడ్డలు ఊరే కాలానికి అడవిపందులకు ఎవరో పిలుపు పంపినట్టే ఉండేది. గుంపుగా దిగి, మూతితో నేలను కుమ్మి, ఒక్క పూటలో నాలుగు సాళ్ళు నాశనం చేసేవి. అవి తిన్నదానికంటే తొక్కి పాడుచేసింది ఎక్కువ. ఏడాది కష్టం అలా బోర్లాపడి ఉంటే చూసి ఏడవాలో తిట్టాలో తెలిసేది కాదు. నేను తిట్టేదాన్ని.

పంట కాపలాకని మా మామగారు ఎప్పుడో లైసెన్సు తెచ్చుకుని ఒక రైఫిలు కొన్నారు. ఆయన పోయాక అది మా ఆయన పేరుకు మారింది. బోల్టు రైఫిలు అది. పేల్చిన ప్రతిసారీ పక్కనున్న పిడి ఎత్తి వెనక్కి లాగాలి, ఖాళీ గొట్టం ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే అడుగున ఉన్న రేకుపెట్టెలోంచి కొత్త తూటా ఎక్కుతుంది. ఆ రేకుపెట్టెనే మేము డబ్బీ అనేవాళ్ళం. లోపల ఒక స్ప్రింగు, దాని మీద తూటాలు ఒకదానిపై ఒకటి. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే కొక్కెం నొక్కి ఊడదీయొచ్చు.

ఊడొచ్చే డబ్బీ కాబట్టి మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. తుపాకి ఉన్నవాళ్ళు ఊరంతా కలిపి ఇద్దరో ముగ్గురో. వాళ్ళు వీధిలో నడిచేటప్పుడు డబ్బీ ఊడదీసి, తుపాకిని భుజాన వేసుకుని, డబ్బీని ఎడమ చేతిలో అందరికీ కనిపించేట్టు పట్టుకుని పోవాలి. ఊరు దాటి చేలలో అడుగుపెట్టాకే తగిలించుకోవాలి. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను పందుల మీదికి పోతున్నాను, మీ మీదికి కాదు అని నోరు విప్పకుండా చెప్పడం అది. మా సీమలో అలా చెప్పుకోవలసిన అవసరం ఉండేది.

మాకు మరీ ఉండేది. మా చేను పక్క చేను మా మామగారి అన్న కొడుకుది. నాకు బావ వరస. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. రెండు చేలకూ నడుమ గట్టు ఒక్కటే. భాగాలు పంచుకున్నప్పుడు ఆ గట్టు ఎవరిదో కాగితంలో రాయడం పెద్దవాళ్ళు మరిచిపోయారు. ఒక ఏడాది వాళ్ళ మడక, అంటే నాగలి, ఇటు జానెడు జరిగేది, మరుసటి ఏడాది మా మడక అటు జానెడు జరిగేది. నాలుగేళ్ళుగా అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఇలాంటి గట్టు దగ్గరే పక్క ఊళ్లో ఒక మనిషిని పొడిచి చంపారు. అది జరిగాక మా వీధిలో ఎవరు గొంతు పెంచినా ఆడవాళ్ళు చేతిలో పని వదిలి బయటికి వచ్చి చూసేవాళ్ళు.

మగవాళ్ళకు మాటల్లేకపోయినా మాకు మజ్జిగ ఉండేది. అక్క వాళ్ళ బర్రె ఎండిపోయి ఉంది. రోజూ తెల్లవారగానే చెంబు పట్టుకుని మా పెరటి వాకిట్లోకి వచ్చేది. నేను మజ్జిగ పోసేదాన్ని. ఆమె ఒకరోజు నాలుగు వంకాయలు, ఒకరోజు పిడికెడు చింతచిగురు కొంగున కట్టుకొచ్చి ఇచ్చేది. గట్టు మాట ఆమె ఎత్తేది కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. పిల్లల దగ్గు గురించి, ఎండ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ చెంబుడు మజ్జిగ మీదే రెండు ఇళ్ళూ నిలబడి ఉన్నాయని నాకు అప్పుడు తెలియదు.

ఆ ఏడు బుడ్డలు బాగా ఊరాయి. ఒక సాయంత్రం చేనుకు పోయిన మా ఆయన చీకటి పడకముందే తల వంచుకుని తిరిగి వచ్చాడు.

"ఏమాయె?" అన్నాను.

"ఒక్కటి పేలింది. రెండోది ఎక్కల్యా. డబ్బీ మూతి వంగిపోయినట్టుండాది."

"పందులు?"

"నన్ను చూసుకుంటా తిన్యాయి."

ఆ మాట ఆయన నవ్వించడానికి అనలేదు. జరిగింది చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ పందుల మీద, ఆ డబ్బీ మీద, అడవి పక్కన చేను పంచి ఇచ్చిన పెద్దల మీద, అందరి మీదా. మరుసటి రోజు పొద్దున్నే నంద్యాల పోవాలని తేల్చేశాను. నంద్యాల నా పుట్టినిల్లు. తుపాకులు బాగుచేసే సాయిబు అంగడి మా పుట్టింటి వీధి చివరే ఉండేది. చిన్నప్పుడు ఆ అంగడి ముందు నుంచి వెయ్యిసార్లు నడిచాను గానీ లోపలికి ఎప్పుడూ పోలేదు.

ఆళ్లగడ్డ దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి బస్సు. తుపాకిని దుప్పటిలో చుట్టి, లైసెన్సు కాగితాన్ని పైజేబులో పెట్టుకుని, మా ఆయన దారంతా ఆ జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

అంగట్లో అడుగుపెట్టిన ఆడదాన్ని నేనే మొదటిదాన్నేమో, సాయిబు లేచి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. చేతివేళ్ళ సందుల్లో నూనె మరకలు చర్మంలో కలిసిపోయి ఉన్నాయి. మా పాత డబ్బీని చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాడు. పైన రెండు రేకు అంచులు లోపలికి వంగి ఉంటాయి, తూటాను పట్టి ఉంచేది అవే. ఒకటి సరిగానే ఉంది, రెండోది నొక్కుకుపోయింది.

"ఎవరో కింద పడేసినారు," అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. అటక సర్దుతూ పడేసింది నేనే. ఆ సంగతి ఆయనకు తెలుసు. సాయిబుకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"మల్లా సరిచేయొచ్చు గానీ నమ్మకం లేదమ్మా. ఒకసారి వంగిన రేకు మల్లా వంగుతాది. కొత్తది తీసుకోండి," అని ఒక పాత తువ్వాలు పరిచి మూడు డబ్బీలు పెట్టాడు. ఒకటి ఎవరో వాడి అమ్మిన ఐదు తూటాలది. ఒకటి కొత్త ఐదు తూటాలది. మూడోది పది తూటాలది, మొదటి రెండింటికీ రెట్టింపు పొడవు.

నేను ఒక్కొక్కటే తీసుకుని చెవి దగ్గర పెట్టి ఆడించాను, టెంకాయ కొనేటప్పుడు ఆడించినట్టు. సాయిబు పకపకా నవ్వాడు.

"నీల్లుండవమ్మా దాంట్లో!"

"నీల్ల కోసం కాదు సాయిబన్నా. లోపల ఏమన్నా లొడలొడ అంటాదేమోనని."

"అట్లయితే సరిగ్గానే చూస్తాండావు," అని ఆయన నవ్వు ఆపి పని నేర్పడం మొదలుపెట్టాడు. బొటనవేలితో నొక్కితే స్ప్రింగు బిగువుగా ఎదురు తన్నాలి, అక్కడక్కడ ఆగకూడదు. పైఅంచులు రెండూ సమానంగా ఉన్నాయో లేదో కిటికీ వెలుతురులో చూడాలి. తుపాకికి తగిలించాక టక్కున పట్టుకోవాలి, చేత్తో కదిపితే ఊగకూడదు. ఆఖరున మందు లేని ఉత్త తూటాలు నింపి, బోల్టు లాగుతూ తోస్తూ అన్నీ ఎక్కుతున్నాయో లేదో చూడాలి. వాడిన డబ్బీలో నాలుగో తూటా తల వంచుకుని అడ్డం పడింది. దాన్ని పక్కన పెట్టేశాడు. కొత్త ఐదుది బాగుంది. పదిది కూడా బాగుంది. పది తూటాలూ టకటకా ఎక్కి దిగాయి. ఆ చప్పుడు నాకు తెగ నచ్చింది.

"ఇదీ," అని పదిదాని మీద చెయ్యి వేశాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఐదు చాలు గదా మే. పంది ఐదు పేల్చేదాకా నిలబడుకోని ఉంటాదా?"

"గుంపుగా వస్తే? ఐదూ అయిపోతే ఆరోది యాడ్నుంచి తెస్తావు? ఏనుగును కొని అంకుశానికి ఎనకాడేది మీ ఇంటోల్లకే చెల్లు."

సాయిబు ఇద్దరి మాటలూ విన్నాడు. తువ్వాలు అంచు సర్దుతూ, నన్ను చూడకుండా అన్నాడు: "నేను అమ్మేటోన్ని, పెద్దదే తీసుకోమనాల. అయినా చెప్తాండా తల్లీ. ఐదుది తుపాకి పొట్టలోకి పోయి కూర్చుంటాది, ఎవరికీ కనపడదు. పదిది కిందికి యాలాడతాది. అడివిలో పందికి అది కనపడదు. ఊళ్లో మనుషులకు కనపడతాది."

నాకు అర్థం కాలేదని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళ తర్వాత నన్ను అడిగేవాళ్ళు ఎవరున్నారు? కానీ అర్థమైంది. బాగానే అర్థమైంది. అర్థమయ్యే పదిదాన్ని తీసుకున్నాను. పందుల కోసమని అందరికీ చెప్పాను, అది అబద్ధం కాదు. కానీ నాలుగేళ్ళ కింద మా మడక ఎద్దులు కాలు పెట్టాయని బావ మా ఆయనను చేను నడుమ నిలబెట్టి అరిచినప్పుడు, మా ఆయన తల వంచుకుని నిలబడ్డ తీరు నా కడుపులో అలాగే ఉండిపోయింది. ఈ మనిషికి నోరు లేదు, కనీసం తుపాకికైనా ఉండనీ అనుకున్నాను. నాలుగు రోజులు వాళ్ళు కాస్త జంకితే మంచిదే అనుకున్నాను. అలా అనుకున్నది నేనే.

"నీ ఇష్టం," అన్నాడు మా ఆయన. ఆయన ఎప్పుడూ అనే మాటే.

ఊరి పొలిమేరకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. సాయిబు అంగట్లో తగిలించిన డబ్బీ అలాగే ఉంది. మా ఆయన దుప్పటి విప్పి, తుపాకి భుజాన వేసుకోబోతూ కొక్కెం మీద వేలు పెట్టాడు.

"ఉండనీయయ్యా," అన్నాను. "కొత్తది. ఊరికూరికే ఊడపెరికితే కొక్కెం వదులైతాది."

ఆయన నా ముఖం కేసి ఒక క్షణం చూశాడు. వేలు తీసేశాడు.

మేము వీధిలో నడిచి వస్తుంటే బావ తన ఇంటి అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మా ఆయనను చూడలేదు, నన్ను చూడలేదు. తుపాకి కింద వేలాడుతున్న ఆ నల్లటి పెట్టెను చూశాడు. తర్వాత మా ఆయన ఎడమ చెయ్యి చూశాడు. అది ఖాళీగా ఉంది. పేనుతున్న తాడు అక్కడే వదిలేసి లోపలికి పోయాడు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. నాకు సంతోషమే కలిగింది. ఆ పూట అన్నం బాగా తిన్నాను కూడా.

మరుసటి రోజు తెల్లవారింది, అక్క రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. రెండో రోజూ రాలేదు. మజ్జిగ తీసి పక్కన పెట్టి, పొద్దెక్కాక పులిసిపోతే పారబోశాను. మూడో రోజు రుద్రవరం నుంచి అక్క తమ్ముళ్ళు ఇద్దరు దిగారు. చుట్టపుచూపుకు వచ్చినవాళ్ళు సంచీతో వస్తారు, వీళ్ళు ఈటెలతో వచ్చారు. అప్పటి నుంచి బావ ఒంటరిగా చేనుకు పోయింది లేదు. ముందొకడు, వెనకొకడు, నడుమ ఆయన.

 మా ఆయన చేనుకు వాగు వెంబడి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే ముళ్ళు తక్కువన్నాడు. ఆ దారిలో ముళ్ళు తప్ప ఏమీ ఉండవని నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, వాన గురించి చెప్పినట్టుగా చెప్పాడు: "నాకేమన్నా అయితే ఆ గెనిమ వాల్లకే ఇడ్సిపెట్టు మే. పిల్లోల్లను ఎంటేసుకోని కోర్టుల చుట్టూ తిరగొద్దు."

గెనిమ అంటే గట్టు. జానెడు మట్టి. నేను ఎంగిలి కంచం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.  ఈ మనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నువ్వే చేశావని అనలేదు. అంటే నేను ఎదురు అనేదాన్ని, ఇద్దరం కొట్లాడుకునేవాళ్ళం, కొంచెం ఊపిరాడేది. ఆయన తన చావు సంగతి మాట్లాడి, కండువా దులుపుకుని పోయాడు. పిల్లలు ఇద్దరూ వాకిట్లో గోలీలు ఆడుతున్నారు. నా మొగుణ్ణి నేనే చంపుకుంటున్నానని ఆ క్షణాన నాకు తెలిసింది.

మరునాడు తెల్లవారగానే మజ్జిగ చెంబు కుడి చేత పట్టుకుని, తుపాకి నుంచి డబ్బీ ఊడదీసి ఒడిలో కట్టుకుని, అక్క వాళ్ళ పెరటి వాకిలికి పోయాను. ఎక్కడికి పోతున్నానో చెబితే మా ఆయన నీ ఇష్టం అన్నాడు. అక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మజ్జిగ తెచ్చినానక్కా."

"మాకొద్దు."

"ఏంటికి?"

అక్క పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. "మా ఇంట్లో పిల్లాజెల్లా అందరం కలిసి తొమ్మిదిమందిమి మ్మే. పదోది ఎవరికి పెట్టినావు?"

   చెంబు కింద పెట్టి, ఒడిలోంచి డబ్బీ తీసి, అక్క ముందు పెట్టాను.

"నీ దగ్గర పెట్టుకోక్కా. తుపాకి మా ఇంట్లో ఉంటాది, ఇది మీ ఇంట్లో ఉంటాది. పందులు దిగినప్పుడు బావనే తీసుకోని రమ్మను. పనైనాక బావనే ఎనక్కి తెచ్చుకోమను. మా ఆయన చేతిలో ఇది మీ కండ్ల ముందర తప్ప ఉండదు."

అక్క దాన్ని ముట్టుకోలేదు.  అది నల్లగా, నూనె మెరుపుతో పొయ్యి పక్కన కూర్చుని ఉంది. చివరికి పైటకొంగుతో పట్టుకుని, లేచి, గూట్లో ఉప్పుకుండ వెనక పెట్టింది. మజ్జిగ చెంబు తీసుకుని వేరే ముంతలోకి ఒంపుకుని, ఖాళీ చెంబు నా చేతికి ఇచ్చింది. ఆ సాయంత్రమే ఆమె తమ్ముళ్ళు ఇద్దరూ రుద్రవరం బండెక్కారు.

లైసెన్సు తుపాకి డబ్బీ ఒకరింట్లో, తుపాకి ఒకరింట్లో ఉండటం చట్టానికి ఒప్పో తప్పో నాకు తెలియదు. మా ఊళ్లో ఎవరూ అడగలేదు. పందులు దిగిన పొద్దున మా ఆయన తుపాకితో గట్టుకు ఇటు నిలబడేవాడు, బావ డబ్బీతో గట్టుకు అటు నిలబడేవాడు. చెయ్యి చాచి ఇచ్చేవాడు, చెయ్యి చాచి తీసుకునేవాడు. మొదట్లో మాటల్లేవు. పందికి మీ చేను మా చేను అనే తేడా లేదు గదా, అది ఎటు పరుగెడితే అటు ఇద్దరూ చూడాల్సి వచ్చేది. నాలుగేళ్ళ తర్వాత బావ మా ఆయనతో అన్న మొదటి మాట "గాలి ఇట్ల కొడ్తాంది, ఈ పక్కకు రా" అని. మా ఆయన ఇంటికి వచ్చి ఆ మాటను నాకు మూడుసార్లు చెప్పాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఒక పది పన్నెండు రోజులకు మా ఆయన తుపాకి ముందు పెట్టుకుని, కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తున్నాడు. నేను పక్కన కూర్చుని, చేసిన మంచి పనిని మళ్ళీ ఒకసారి చెప్పుకుంటున్నాను. డబ్బీ అక్క దగ్గర ఉన్నంతకాలం ఇది ఉత్త కట్టెపుల్లే అన్నాను. ఆయన నవ్వాడు. బోల్టు వెనక్కి లాగి, ఒక ఉత్త తూటాను వేళ్ళతో పైనుంచి లోపల పెట్టి, బోల్టు మూసి చూపించాడు.

"డబ్బీ లేకున్నా పేల్తాది. ఒక్కోటే పెట్టుకోవాల, అంతే."

నేను ఆయన చేతిలోని గుడ్డ లాక్కున్నాను. "ఆ పొద్దే ఏంటికి చెప్పల్యా?"

"చెప్పింటే నువ్వు పోయేదానివా?"

పోయేదాన్ని కాదు. ఆయన అన్నది నిజం. కానీ ఆ రోజు నుంచి అక్క చెంబులో మజ్జిగ పొర్లేదాకా పోసేదాన్ని. ఏమీ లేని పెట్టెను వాళ్ళ చేతిలో పెట్టి, మీ ప్రాణాలు మీ గూట్లోనే ఉన్నాయని నమ్మించాను. తెలియక చేశాను, సరే. తెలిశాక కూడా చెప్పకపోవడం? చెబితే బావ ఏమంటాడు? కావాలనే మోసం చేశారంటాడు, మళ్ళీ రుద్రవరం నుంచి ఈటెలు దిగుతాయి. చెప్పకపోతే ఏదో ఒకరోజు తెలుస్తుంది, అప్పుడు ఇంకా పెద్ద గొడవ. అక్క వంకాయలు తెచ్చి ఇచ్చినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. ఏం మ్మే, ఒంట్లో బాగాలేదా అని అడిగేది. అరుగు మీద కూర్చున్న బావ నన్ను చూసి మా ఆయనతో చెప్పమని ఏదో పని పురమాయిస్తే, తలూపి, గబగబా ఇంట్లోకి వచ్చేసేదాన్ని. నా కోపం కూడా తగ్గిపోయింది. సంతలో కుళ్ళిన గుమ్మడికాయను తిరిగి ఇచ్చే ధైర్యం కూడా పోయింది. మనసులో ఒకటి దాచుకున్నవాళ్ళకు ఇంకొకరి మీద అరిచే హక్కు ఉండదు.

అలా ఏడాది గడిచింది. గట్టు గొడవ తెగలేదు గానీ, పదును తగ్గింది. మళ్ళీ బుడ్డలు పెరికి, కాయ ఆరబోసి, విత్తనానికి ఒలిచే కాలం వచ్చింది. అక్కా నేనూ మా ఇంటి ముందు నీడలో కూర్చుని ఒలుస్తున్నాం. ఇంటి వాళ్ళందరూ చేలకు పోయారు. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఇక మోయలేక అన్నాను:

"అక్కా, ఒకటి చెప్తా. తిట్టినా సరే, కొట్టినా సరే."

"చెప్పు."

"ఆ డబ్బీ లేకున్నా తుపాకి పేల్తాది. ఒక్కో తూటా చేత్తో పెట్టుకోని కాల్చొచ్చు. నీకు ఇచ్చిన పొద్దు నాకు తెలీదు. దేవుని మీద ఒట్టు. ఆ తర్వాత తెలిసింది. తెలిసినా భయపడి చెప్పల్యా."

అక్క చేతిలోని కాయను చిదిమి, గింజలు చేటలో వేసి, పొట్టు పక్కకు విసిరింది.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఇచ్చిన పొద్దే. మీ బావ పట్టాళంలో ఐదేండ్లు తుపాకి మోసినోడు మ్మే, ఆయనకు తెలీదా? గూట్లోంచి తీసి చూసి, ఇది లేకున్నా పేల్తాదే అన్న్యాడు. మా తమ్ముల్లు ఎగిరినారు, మోసం చేసినారని. నేను కూడా ఎగిరినా."

"మల్లా?"

"మీ బావ అడిగినాడు, ఇచ్చేటప్పుడు ఆ యమ్మ ముఖం ఎట్లుండింది అని. ఏడ్సేదాని మాదిరి ఉండింది అని చెప్పినా. అయితే ఆ యమ్మకు తెలీదు అన్న్యాడు. తన మొగుని తుపాకిలోని ప్రాణమంతా ఊడదీసి తెచ్చి మనకు ఇచ్చినాననుకుంటాంది, అట్ల ఇచ్చినోల్లతో మనకు భయమేందీ, ఇది లేకున్నా పేల్తాదని ఆ యమ్మకు మాత్రం చెప్పద్దు, నొచ్చుకుంటాది అన్న్యాడు. ఆ పొద్దే మా తమ్ముల్లను బండెక్కించినాడు."

 ఏడాది పొడుగునా నేను వాళ్ళ దగ్గర దాచానని కుమిలిపోయిన మాటనే, నేను నొచ్చుకుంటానని వాళ్ళు నా దగ్గర దాచారు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. చేటలో గింజల మీద కన్నీళ్ళు పడుతుంటే అక్క చేటను తన వైపుకు లాక్కుంది.

"విత్తనం బుడ్డలు, తడిస్తే మొలకలొస్తాయి. ఏడిస్తే అటు తిరిగి ఏడువు గానీ చేతులు ఆపద్దు, పొద్దు పోతాంది."